నాలుగు తర్వాత నీళ్లు

కొత్తపట్నంలో బస్సు దిగి
సరుగుడు తోటల పక్కన అరమైలు నడిచాం.
దారిలో మూడుచోట్ల ఆగింది పెంచలత్త.
ఒకసారి చెప్పులో ఇసక దులుపుకోడానికి,
రెండుసార్లు ఊరికే.

"అదిగో లాకు" అన్నాను ఫోను పైకెత్తి.
"లాకు కాదబ్బయా, మా ఇల్లు" అంది.

ఇల్లు లేదు.
గట్టు మీద రెండు మెట్లూ, ఓ గోడలో సగమూ,
లాంతరు తగిలించే ఇనప కొక్కెమూ ఉన్నాయి.
కొక్కేనికెవరో రొయ్యల మేత సంచి తగిలించి మరిచిపోయారు.

దొరలు పేర్పించిన రాయి మాత్రం రాయిలాగే ఉంది.
అతుకుల్లో గడ్డపార దూరదు,
జిల్లేడు దూరింది.
తలుపుల టేకు దూలాలు ఎవరింటి కప్పు మోస్తున్నాయో
ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

నేను చదువుకొచ్చింది ఒప్పజెప్పబోయాను:
ధాత కరువు, గంజికోసం తవ్విన కాలవ,
మద్రాసు పోయే ఉప్పు పడవలు...
"మా నాయన జేజి తవ్విందంట.
తట్టకింతని గంజి. పోసేవాడి చెయ్యి వణికితే
ఆ పూటకి అంతే" అని
నా చేతికి సంచీ ఇచ్చి
నీళ్లు లేని లాకులోకి
మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగడం మొదలుపెట్టింది.

లోపలి గోడ మీద ఇంగ్లీషు అంకెలు,
నిలువునా, అడుగుకొకటి.
అన్నిటికన్నా పైన తొమ్మిది.
ఉలి పట్టినవాడికి లెక్కలు వచ్చో రాదో,
ఏడు మెడ కాస్త వంగింది.

తాత పోలయ్య లాకు కాపలాదారు.
పొద్దున్నే ఒంగి చూసి
నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో అరిస్తే
ఆరేళ్ల అత్త పలక మీద రాసేది.
దొరలు ఓడెక్కి పోయాక కూడా
ఆ లెక్క కార్డు మీద రాయించి పైఆఫీసుకి పంపేవాడు తాత.
జవాబొచ్చినట్టు ఎవరికీ గుర్తులేదు.
వానల్లో తొమ్మిది, కోతలప్పుడు ఏడు,
రోహిణి ఎండల్లో నాలుగు.
అంతకన్నా కిందికి ఏ ఏడూ దిగలేదు.
తుపానొచ్చిన రోజు మాత్రం అంకెలన్నీ మునిగాయి,
పలక ఖాళీ.

బడిలో వేసిన మొదటిరోజు
ఎలీషా మేష్టారు లెక్కపెట్టమన్నాడట.
చేతులు కట్టుకుని నిలబడి
"తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు, నాలుగు"
అని ఆగింది.
"తర్వాత?"
"తర్వాత నీళ్లు, సార్."

పిల్లలంతా నవ్వారు. మేష్టారు నవ్వలేదట.
ఆదివారం గుడి అయ్యాక సైకిలు తొక్కుకుంటూ వచ్చి
గట్టుమీద బోర్లా పడుకుని
తనూ చూశాడట చాలాసేపు,
నాలుగు తర్వాత ఏముందోనని.

ఇప్పుడు అడుగున నిలబడి ఉంది అత్త.
డెబ్బై ఎనిమిదేళ్ల మోకాళ్ల కింద ఎండిన బురద నెర్రెలు.
నాలుగు ఆమె నడుమెత్తున ఉంది.
దాని కింద మూడు.
ఆలిచిప్పలు కరుచుకున్న రెండు.
ఒకటి బురదలో.

విరిగిన కొబ్బరిమట్టతో తవ్వింది.
సాయం పోబోతే "నువ్వుండు" అంది.
తాగే నీళ్లతో కొంగు తడిపి
రాతిని రుద్దింది, పసిబిడ్డ మూతి తుడిచినట్టు.

బయటపడింది, ఒక నిలువు గీత.

"ఇంతేనా!
ఒట్టి గీత. దీనికా నేను ఇంత..."
మాట అక్కడే వదిలేసి నవ్వింది.
ఆ నవ్వుని లాకు గోడలు రెండూ
పడవ తాడు అందించుకున్నట్టు
కాసేపు అటూ ఇటూ అందించుకున్నాయి.

ఫోటో తీశాను.
అందులో గీత పడలేదు, ఆమె నీడ పడింది.

సాయంత్రం ఒంగోలు బస్సులో
ఆడవాళ్లకిచ్చే టికెట్టు చింపిచ్చాడు కండక్టరు.
అత్త దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.
రూపాయల దగ్గర, గుండ్రంగా, సున్నా.

"ఒకటి కింద ఉండేది ఇదా అబ్బయా?"
అని మడతపెట్టి
వక్కల సంచిలో దాచుకుంది.